అల్లుడికి, రోగ్ ఐదో లెవెల్ విషయమై

విజయనగరం

అల్లుడూ,

నీ వాయిస్ మెసేజ్ మొత్తం విన్నాను. డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆటలో నీ పాత్ర రోగ్, అంటే చాటుగా పొడిచే క్లాస్. ఆ నాలుగో లెవెల్ రోగ్‌ని ఐదుకి తీసుకెళ్లాలా, లేక ఫైటర్ అనే యోధుడి క్లాస్‌లో ఒక లెవెల్ వేసుకోవాలా అన్నదే కదా నీ టెన్షన్. నా మాట ముందే చెప్పేస్తున్నాను: ఐదు దాకా రోగ్‌గానే వెళ్లు. అప్పటికీ ఫైటర్ మీద మోజు తీరకపోతే వెళ్దువుగాని. ఎందుకో చెప్తాను, విసుక్కోకుండా చదువు.

ఐదో లెవెల్లో నీకు వచ్చేవి రెండు. స్నీక్ అటాక్, అంటే అదను చూసి పొడిచినప్పుడు కలిసే అదనపు డ్యామేజ్, 2డీ6 (ఆరు ముఖాల పాచికలు రెండు) నుంచి 3డీ6 అవుతుంది. సగటున మూడున్నర డ్యామేజ్ పెరుగుతుంది, దాని గురించి నేను పెద్దగా పట్టుబట్టను. అసలు సరుకు అన్‌క్యానీ డాడ్జ్. నీకు కనిపిస్తున్న శత్రువు దెబ్బ తగిలాక, రియాక్షన్ (ఎదుటివాడు చేసినదానికి అప్పటికప్పుడు ఇచ్చే జవాబు) వాడి డ్యామేజ్‌ని సగం చేసుకోవచ్చు. మొన్న ఆమదాలవలసలో మీ ఆట చూడ్డానికి వచ్చినప్పుడు ఓగర్ రాక్షసి నీ మీద పడింది గుర్తుందా? నీ హిట్ పాయింట్లు, అంటే ప్రాణం లెక్క, 31. దాని గద దెబ్బ 2డీ8 ప్లస్ 4, అంటే సగటున 13. రెండు రౌండ్లలో రెండు దెబ్బలు తగిలేసరికి నీకు 5 మిగిలాయి, మీ క్లెరిక్ (గాయాలు మాన్పే పూజారి) కుర్రాడు తన టర్న్ నీకే ఖర్చుపెట్టేశాడు. అన్‌క్యానీ డాడ్జ్ ఉండుంటే ఒక్కో దెబ్బకి పోయేది 6. నీకు 19 ఉండేవి, ఆ కుర్రాడు ఇంకేదైనా పనికొచ్చే పని చేసేవాడు.

ఇప్పుడే ఫైటర్ ఒకటి తీసుకుంటే ఏటొస్తుంది? విల్లు పట్టేవాడివైతే ఆర్చరీ అనే పోరాట శైలితో గురికి ప్లస్ 2 వచ్చేది, అది రోగ్‌కి బాగా కలిసొచ్చేదే. కానీ నువ్వు రేపియర్ (సన్న కత్తి) పట్టుకుని ముందుకి ఉరికే రకం. డ్యూయెలింగ్ శైలి తీసుకుంటావు, డ్యామేజ్‌కి 2 కలుస్తుంది. సెకండ్ విండ్‌తో ఒకసారి 1డీ10 ప్లస్ 1 హిట్ పాయింట్లు తిరిగొస్తాయి, మళ్లీ కావాలంటే రెస్ట్ తీసుకోవాలి. ఓగర్ ముందు ఇది ఏ మూలకి?

యాక్షన్ సర్జ్, అంటే ఒకే టర్న్‌లో ఇంకో యాక్షన్, కావాలంటావు. అది ఫైటర్ రెండో లెవెల్లో గానీ రాదు. వచ్చాక కూడా, ఒకే టర్న్‌లో రెండుసార్లు పొడిస్తే స్నీక్ అటాక్ డైస్ ఒక్కసారే పడతాయి. మొదటిది తప్పితే రెండో ఛాన్స్ ఉంటుంది, అంతవరకే లాభం. అయితే ఇక్కడ ఒక కిటుకుంది, వీడియోల వాళ్లు హడావిడిగా దాటేస్తారు. స్నీక్ అటాక్ లెక్క రౌండ్‌కి (అందరి వంతులూ ఒకసారి తిరగడానికి) ఒకటి కాదు, టర్న్‌కి (ఒక్కొక్కరి వంతుకి) ఒకటి. వేరేవాళ్ల టర్న్‌లో రియాక్షన్‌తో పొడిస్తే, షరతులు కుదిరితే, డైస్ మళ్లీ పడతాయి. అందుకే నాకు ఫైటర్ మూడో లెవెల్ మీద గౌరవం. బ్యాటిల్ మాస్టర్ (ఫైటర్‌లో ఒక శాఖ) అయ్యి రిపోస్ట్ అనే ఎత్తు నేర్చుకుంటే, నీ మీదికొచ్చిన కత్తి దెబ్బ తప్పినప్పుడల్లా, ఆ శాఖకిచ్చే డైస్ మిగిలున్నంతవరకు, తిరిగి పొడవచ్చు. ఇంతకుముందు చెప్పిన అన్‌క్యానీ డాడ్జ్ కూడా చేతిలో ఉందనుకో: దెబ్బ తగిలితే సగం, తప్పితే నీ పోటు. రౌండ్‌కి ఉన్న ఒక్క రియాక్షన్ ఊరికే పోదు. ఈ జోడీ కోసమే ముందు రోగ్ ఐదు అంటున్నాను. ఫైటర్ ఒక్క లెవెల్ తీసుకుని వదిలేస్తే మాత్రం నీకు రెండువైపులా చెడుతుంది.

ఇక లెక్క 20 లెవెళ్లకి వెయ్యకు. మీ టేబుల్లో ఇద్దరు డిగ్రీ చివరి ఏడాది, ఒకడు అప్పుడే హైదరాబాద్ అంటున్నాడు. మీ ఆట ఎనిమిదో తొమ్మిదో లెవెల్ దాటుతుందని నాకు నమ్మకం లేదు. రోగ్ 5, ఫైటర్ 3 అంటే సరిగ్గా ఎనిమిది. అక్కడికి నువ్వు వదులుకునేవి: ఆరులో రెండో ఎక్స్‌పర్టీజ్ (కొన్ని నైపుణ్యాల్లో ఎక్కువ పట్టు), ఏడులో ఇవేజన్ (పేలుళ్ల లాంటివాటి నుంచి తప్పించుకోవడం), ఎనిమిదిలో ఎబిలిటీ స్కోర్ పెంచుకునే అవకాశం. ఆ చివరిది క్లాస్ లెవెల్‌ని బట్టే వస్తుంది, మొత్తం లెవెల్‌ని బట్టి కాదు. ప్రొఫిషియెన్సీ బోనస్ (బాగా వచ్చిన పనులకి కలిసే అంకె) మాత్రం మొత్తం లెవెల్‌తో పెరుగుతుంది, దాని గురించి బెంగ లేదు. మీరు ఆడేది 2024 రూల్స్ పుస్తకం అయితే నా సలహా మారుతుంది. అందులో రిలయబుల్ టాలెంట్ ఏడో లెవెల్లోనే వచ్చేస్తుంది, 2014 దాంట్లో పదకొండు దాకా ఆగాలి. తాళాలు తీసేటప్పుడు నీకు తరచూ 3, 4 పడుతుంటాయి కదా, అది వస్తే 9 దాకా ఏది పడినా 10 కిందే లెక్క. దాన్ని వదిలి ఫైటర్‌కి వెళ్లమని నేను చెప్పను.

ఒకేదానికి అతుక్కోవడం ఎందుకంటూ, హరికథకులు ఆదిభట్ల నారాయణదాసు గారు పాటా, ఆటా, మాటా అన్నీ చేశారు కదా అని నన్ను దెప్పావు. నిజమే, 1919లో ఇక్కడ సంగీత కళాశాల పెట్టినప్పుడు తొలి ప్రిన్సిపాల్ ఆయనే. ఆయన తర్వాత ఆ కుర్చీలో కూర్చున్న ద్వారం వెంకటస్వామినాయుడు గారికి పేరు తెచ్చింది వయొలిన్ ఒక్కటే. మన ఊరి ఉదాహరణలతో ఈ వాదన తేలదు, వదిలెయ్.

మీ డీఎంని (ఆట నడిపేవాణ్ని) అడిగావా? 2014 పుస్తకంలో మల్టీక్లాస్, అంటే రెండు క్లాసులు కలపడం, అనేది డీఎం ఒప్పుకుంటేనే ఉండే రూల్. నీ క్లాస్‌మేటే కదా అని నీ పాత్ర వివరాల షీట్ మార్చేసి తీసుకెళ్లకు. నేను డీఎంగా కూర్చున్నప్పుడు ఒకటే అడుగుతాను, మీవాడు ఆ విద్య ఎవరి దగ్గర నేర్చుకున్నాడు అని. నీకైతే జవాబు రెడీగా ఉంది: వంతెన దగ్గర మీరు విడిపించిన ఆ ముసలి సిపాయి. రాబోయే రెండు ఆటల్లో వాడితో కాస్త కత్తి సాము చేస్తూ ఉండు. ఫైటర్‌కి డెక్స్టెరిటీ 13 ఉంటే చాలు, నీకు ఎలాగూ ఉంది.

చివర్లో విజర్డ్ (మంత్రగాడి క్లాస్) అని కూడా ఏదో గొణిగావు. ఒక్క లెవెల్‌తో ఫెమిలియర్‌గా (మంత్రంతో తోడొచ్చే జీవిగా) గుడ్లగూబని తెచ్చుకోవచ్చు, అది ఎగిరొచ్చి హెల్ప్ చేసి పోతుంటే నీకు అడ్వాంటేజ్ (పాచిక రెండుసార్లు వేసి పెద్దది తీసుకోవడం) దొరుకుతుంది. కానీ మీ పార్టీలో బార్బేరియన్, పాలడిన్ ఇద్దరూ శత్రువు పక్కనే నిలబడతారు, స్నీక్ అటాక్‌కి అది చాలు. అయినా దానికి ఇంటెలిజెన్స్ 13 ఉండాలి, నీది ఎంతో మెసేజ్‌లో చెప్పనేలేదు. షీట్ ఫోటో తీసి పంపు. అమ్మని అడిగానని చెప్పు.

మీ మావయ్య