చదవడం వచ్చినా స్పెల్లింగ్ రాని పిల్లలకు ఏ పదాల ఆటలు ఆడించాలి?

పాపకు ఎనిమిదేళ్లు, ఇంగ్లిష్ గడగడా చదివేస్తుంది, రాయమంటే మాత్రం స్పెల్లింగులన్నీ తారుమారు అని రాశారు. కంప్యూటర్‌లో, ఆన్‌లైన్‌లో ఆడే పదాల ఆటలు నిజంగా పనిచేస్తాయా, చేస్తే ఏవి, ఫోన్‌లో ఆడించాలా కంప్యూటర్‌లోనా అని అడిగారు. మా ఇద్దరు పిల్లలతో ఇవి చాలానే ఆడాను, ఇప్పటికీ ఆడుతున్నాను. పనిచేస్తాయండీ. కాకపోతే అన్నీ కాదు. ఆట పేరు, బొమ్మలు, రేటింగులు చూసి తేల్చుకునే విషయం కాదిది. ఆడుతున్నప్పుడు పిల్ల ఆ పదాన్ని తన బుర్రలోంచి బయటికి తీస్తోందా, లేక తెర మీద కనబడేదాన్ని చూసి వేలు పెడుతోందా? నేను చూసేది ఇదొక్కటే.

ఎందుకంటే చదివేటప్పుడు పదం మొత్తం కళ్ల ముందే ఉంటుంది. మొదటి రెండు మూడు అక్షరాలు, వాక్యం తీరు చాలు, పిల్లలు పదాన్ని గుర్తుపట్టేస్తారు. మధ్యలో ఏ అచ్చు ఉందో చూడాల్సిన అవసరమే వాళ్లకు రాదు. రాసేటప్పుడు ఆ ఆసరా ఉండదు. పైగా ఇంగ్లిష్‌లో అక్షరాలు 26, ధ్వనులు సుమారు 44. నైట్ అని వినిపించింది ఎన్‌తో మొదలవుతుందో, పలకని కె ముందు పెట్టుకుని వస్తుందో చెవి చెప్పలేదు. అందుకే చదవడం బాగా వచ్చిన పిల్లలు కూడా రాతలో తడబడతారు. ఇదొక్కటే చూసి మీ పాపలో లోపముందనుకోకండి.

కాబట్టి స్పెల్లింగ్ వరకు నా మొదటి ఓటు విని టైపు చేసే ఆటలకి. కంప్యూటర్ పదం పలుకుతుంది, తెర మీద ఏమీ ఉండదు, పిల్ల ఒక్కో అక్షరం కొట్టాలి. ఇది కొత్త సంగతేమీ కాదు. 1978లో టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వాళ్లు తెచ్చిన 'స్పీక్ అండ్ స్పెల్' అనే బొమ్మ ఇదే పని చేసేది: మాట పలికేది, పిల్లలు అక్షరాల మీటలు నొక్కేవాళ్లు, తప్పయితే మళ్లీ ప్రయత్నించమనేది, అప్పటికీ రాకపోతే తనే అక్షరాలు చదివి చెప్పేది. తర్వాత ఎన్ని హంగులొచ్చినా స్పెల్లింగ్ నేర్పడంలో దీన్ని మించిన పద్ధతి నాకు కనబడలేదు. ఇలాంటి ఆట ఎంచుకునేటప్పుడు మీ సొంత పదాల పట్టిక ఎక్కించుకునే వీలుందా అని చూడండి. వాళ్లిచ్చే రెడీమేడ్ పట్టికలో సగం మీ పాపకు వచ్చినవే ఉంటాయి. ఆమె నోటు పుస్తకంలో ఎర్ర గీత పడిన పదాలే ఆటలోకి రావాలి.

మా అమ్మాయికి నేను వాడింది అంకి. 2006 నుంచి ఉన్న ఫ్లాష్‌కార్డుల ప్రోగ్రామ్ అది. దాన్ని ఆట అనలేం, చూడ్డానికీ చప్పగా ఉంటుంది, మొదట పెద్దవాళ్లు కూర్చుని అమర్చి పెట్టాలి. కానీ కార్డు మీద మన గొంతే రికార్డు చేసి పెట్టొచ్చు. జవాబు టైపు చేయించే ఏర్పాటు కూడా ఉంది. ఏ అక్షరం సరిపోయిందో, ఏది తప్పిందో రంగుల్లో చూపిస్తుంది. 'బికాజ్'లో మా అమ్మాయి ఏ, యు అక్షరాలను ఎప్పుడూ అటూ ఇటూ చేసేది. పదం మొత్తం తప్పని కొట్టేస్తే పిల్లలకు ఏమీ అర్థం కాదు. ఆ రెండక్షరాల దగ్గరే రంగు మారేసరికి తడబాటు ఎక్కడుందో తనకే కనబడింది. వచ్చిన పదాలను దూరం దూరంగా, రానివాటిని దగ్గర దగ్గరగా అదే మళ్లీ అడుగుతుంది. నేర్చుకున్నది మరిచిపోవడం మొదట్లో ఎంత వేగంగా జరుగుతుందో హెర్మన్ ఎబింగ్‌హౌస్ అనే జర్మన్ మనస్తత్వవేత్త 1885లోనే చూపించాడు. అందుకే సెలవు రోజున గంటసేపు కూర్చోబెట్టడం కన్నా రోజూ కాసేపు ఆడించడం మేలు.

ఇక నేను పక్కన పెట్టించే ఆటలు. నాలుగు స్పెల్లింగులు చూపించి సరైనది ఎంచుకోమనేవి ఆన్‌లైన్‌లో కోకొల్లలు. అందులో మూడు తప్పులే కదా! పిల్ల ఒక్క సరైన రూపం చూడటానికి మూడు తప్పు రూపాలు చూస్తోంది. తప్పు స్పెల్లింగులు చదివితే పెద్దవాళ్ల స్పెల్లింగు కూడా దెబ్బతింటుందని 1990లో లారీ జాకోబీ, ఆన్ హాలింగ్స్‌హెడ్ చేసిన పరిశోధనలో తేలింది. ఇంకా కుదురుకోని పిల్లలకు ఆ పని చేయించడం నాకు మనసొప్పదు. గళ్లలో దాగిన పదాలు వెతికే వర్డ్ సెర్చ్ కూడా స్పెల్లింగ్‌కి పెద్దగా ఉపయోగపడదు. పట్టికలో ఉన్న పదాన్ని చూస్తూ గళ్లలో అదే ఆకారం వెతకడమే తప్ప గుర్తు తెచ్చుకునేది ఏమీ ఉండదు. ప్రయాణంలో కాలక్షేపానికి ఆడుకోనివ్వండి, చదువు కింద లెక్కేయకండి.

దాచిన పదాన్ని ఊహించి పట్టుకునే హ్యాంగ్‌మన్ (ఒక్కో అక్షరం అడుగుతూ ఖాళీలు నింపాలి), వర్డల్ వేరే రకం. ఇవి ఒక పదాన్ని నేర్పవు, ఏ అక్షరం పక్కన ఏది వస్తుందో నేర్పుతాయి. ఇది చాలా విలువైనది, చాలామంది పట్టించుకోరు. మా చిన్నాడు హ్యాంగ్‌మన్‌లో మొదట్లో ఏ, బి, సి అని వరసగా అడిగేవాడు. కొన్నాళ్లకు అచ్చులతో మొదలుపెట్టాడు. ఆ తర్వాత ఒకసారి చివరి ఖాళీలో జి పడగానే "అయితే దాని ముందు ఐ, ఎన్ ఉంటాయి" అన్నాడు. క్యూ వచ్చిందంటే వెంట యు ఉంటుందని, సి-కె జంట పదం మొదట్లో రాదని వాడికి నేను చెప్పలేదు, ఆటలోనే పట్టాడు.

వర్డల్ అయితే ఐదక్షరాల పదం, ఆరు ప్రయత్నాలు. కొట్టిన అక్షరం సరైన చోటే ఉంటే ఆకుపచ్చ, పదంలో ఉండి చోటు తప్పితే పసుపు రంగు వస్తుంది. జాష్ వార్డిల్ 2021లో అందరికీ అందుబాటులోకి తెచ్చాడు, 2022 జనవరిలో న్యూయార్క్ టైమ్స్ కొనుక్కుంది. ఇందులో మనకు పనికొచ్చే విశేషం ఒకటుంది. దాదాపు 12,000 ఐదక్షరాల పదాల్లోంచి వార్డిల్ భాగస్వామి పలక్ షా తనకు తెలిసినవి ఏరి, జవాబుల పట్టికను సుమారు 2,500కి కుదించింది. అందుకే జవాబులు చాలావరకు వాడుక పదాలే. అయినా అది పెద్దవాళ్ల కోసం చేసిన ఆట, ఎనిమిదేళ్ల పిల్లను ఒంటరిగా కూర్చోబెడితే విసుగొస్తుంది. పక్కన కూర్చుని ఆడండి. "ఈ అక్షరం పసుపు అయింది, అంటే ఎక్కడ పెడదాం?" అని అడగండి, జవాబు మీరు చెప్పకండి. రోజుకు ఒక్కటే పదం కాబట్టి ఇంకొకటి, ఇంకొకటి అన్న పేచీ ఉండదు.

అక్షరాల బిళ్లలతో పలక మీద పదాలు పేర్చే స్క్రాబుల్ గురించి కూడా అడుగుతారని తెలుసు. ఆల్‌ఫ్రెడ్ బట్స్ అనే ఆర్కిటెక్ట్ పత్రికల్లో ఏ అక్షరం ఎన్నిసార్లు వస్తోందో లెక్కగట్టి ఆ ఆట తయారుచేశాడు. అందుకే 100 బిళ్లల్లో ఇ అక్షరానివి 12 ఉంటాయి, క్యూ ఒక్కటే, దానికి 10 పాయింట్లు. గొప్ప ఆట. కంప్యూటర్‌తో ఆడినప్పుడు మాత్రం రెండు చిక్కులున్నాయి. తప్పు పదం పెడితే యంత్రం ఒప్పుకోదు, మరేమీ నష్టం లేదు, కాబట్టి పిల్లలు తోచిన అక్షరాలు వరసగా పెట్టి చూస్తారు. రెండోది, యంత్రం ఎవరూ వాడని రెండక్షరాల పదాలు వేసి గెలుస్తుంటుంది. పిల్లలు వాటిని బట్టీపట్టి పాయింట్లు కొట్టేస్తారు, అర్థం అడిగితే చెప్పలేరు. మీరూ పాపా ఒక జట్టుగా కంప్యూటర్ మీద ఆడండి, స్థాయి తగ్గించి పెట్టండి, వేసిన ప్రతి పదానికీ అర్థం చెప్పాలని నియమం పెట్టుకోండి. 16 పాచికల బాగుల్ లాంటి టైమర్ ఆటలు ఇప్పుడే వద్దు. స్పెల్లింగ్ తడబడే పిల్లకి గడియారం భయం తప్ప మరేమీ ఇవ్వదు.

పదసంపద వేరే సంగతి. ఫ్రీరైస్ అని 2007లో మొదలైన సైటు ఉంది, ఐక్యరాజ్యసమితి ప్రపంచ ఆహార కార్యక్రమం దాన్ని నడుపుతోంది. పదం ఇచ్చి అర్థం ఎంచుకోమంటుంది, సరైన జవాబుకు ఆకలితో ఉన్నవాళ్లకు కొన్ని బియ్యపు గింజల విలువ చేరుతుంది. మా పిల్లలకు ఆ సంగతే పెద్ద ప్రోత్సాహం. తప్పిన పదాలు కాసేపటికి మళ్లీ వస్తాయి, అది బాగుంటుంది. కానీ నాలుగింట్లో ఒకటి ఎంచుకున్నంత మాత్రాన పదం సొంతం కాదు. ఆ రోజు వచ్చిన ఒక్క పదాన్నైనా పాప తన మాటల్లో వాడాలి.

స్పెల్లింగూ పదసంపదా రెండూ కలిసొచ్చేది గళ్లనుడికట్టు. ఆధారం అర్థాన్ని ఇస్తుంది, గళ్లు అక్షరాలు అడుగుతాయి. పదాలూ ఆధారాలూ మనం ఇస్తే గళ్లు అదే అల్లిపెట్టే ఉచిత సైట్లు బోలెడున్నాయి. నా అనుభవంలో అసలు చదువు పిల్లల చేత ఆధారాలు రాయించడంలో ఉంది. మా అమ్మాయి 'ఐలాండ్' అన్న పదానికి రాసిన ఆధారం: "చుట్టూ నీళ్లు, మధ్యలో మనం. ఎస్ ఉంటుంది కానీ మాట్లాడదు." ఆ పదం స్పెల్లింగ్ తనకు మళ్లీ తప్పలేదు. తమ్ముడి కోసం చేస్తున్నానంటే ఇంకా శ్రద్ధగా చేస్తుంది.

తెలుగు పదాల ఆటలు వెతుకుతుంటే ముందు ఒక పరీక్ష చేయండి. 'స్త్రీ' మనకు ఒక్క అక్షరం, కంప్యూటర్ లోపల మాత్రం ఆరు విడి గుర్తులు (యూనికోడ్ గుర్తులంటారు). ఆ ఆట దాన్ని ఒకే గడిలో పెడితే సరే, ఒత్తులూ గుణింతాలూ విడివిడి గళ్లలో పడితే వదిలేయండి. ఇంగ్లిష్ అక్షరాలు కొడితే తెలుగు పదాలు చూపించి ఎంచుకోమనే కీబోర్డులు కూడా ఇందుకు పనికిరావు. శ, ష, స ఏది రాయాలో పిల్ల ఆలోచించకముందే అది రాసిపెడుతుంది. తెలుగు అక్షరాలు నేరుగా మీటల మీదే ఉండే ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డులో అయితే ఒత్తు ఎక్కడ పడాలో తనే ఆలోచించి కొట్టాలి.

ఆడేముందు ఆటలో భాష అమెరికన్ ఇంగ్లిషా, బ్రిటిషా చూసుకోండి. 'కలర్'లో యు పెట్టిన పిల్లకి తప్పు అని వస్తే తనకు వచ్చిందే రాలేదనుకుంటుంది. బడిలో ఏది రాయిస్తే అదే పెట్టండి. ముక్కూమొహం తెలియనివాళ్లతో చాట్ ఉండే ఆటలైతే ఈ వయసుకి వద్దు.

ఫోనా, కంప్యూటరా అంటే, మామూలు కీబోర్డు ఉన్న కంప్యూటరే. ఫోన్‌లో రెండక్షరాలు కొట్టగానే పైన పట్టీలో పదం మొత్తం వచ్చేస్తుంది, పాప దాన్ని నొక్కుతుంది, మీరు సరిగ్గా రాసిందనుకుంటారు. ఫోన్ తప్ప వేరే దారి లేకపోతే కీబోర్డు సెట్టింగుల్లో పద సూచనలు, ఆటోకరెక్ట్ రెండూ ఆపేయండి. కంప్యూటర్‌లోనైనా బ్రౌజర్ స్పెల్‌చెక్ తీసేయండి, లేకపోతే తను ఆలోచించకముందే తప్పు కింద ఎర్ర గీత వచ్చేస్తుంది.