పోలండ్ స్టాంపుతో జర్మనీ వెళ్లొచ్చా?

ప్రశ్న: మా అబ్బాయి పోలండ్‌లోని వ్రొత్స్వాఫ్‌లో చదువుకున్నాడు. రెసిడెన్స్ కార్డు గడువు ముగిసేలోపే కొత్త కార్డుకు అప్లై చేస్తే పాస్‌పోర్టులో స్టాంపు వేసిచ్చారు. దాంతో యూరప్ అంతా తిరగొచ్చని ఇక్కడి కన్సల్టెన్సీ వాళ్లు చెప్పడంతో బెర్లిన్‌లో మా మేనకోడలి గృహప్రవేశానికి బస్సెక్కాడు. సరిహద్దులో జర్మన్ పోలీసులు అందరి ముందూ దింపేసి, ఏదో కాగితం చేతికిచ్చి వెనక్కి పంపారు. రైల్లో అయితే ఎవరూ చూడరని స్నేహితులు అంటున్నారట. వచ్చే నెల వాడి చెల్లెలి పెళ్లి. ఇంటిల్లిపాదికీ టెన్షన్‌తో నిద్ర లేదు. మాకు న్యాయం జరుగుతుందా? కన్సల్టెన్సీ మీద కేసు వేయొచ్చా?
- ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: బస్సులో జరిగిన అవమానం గురించి మీరు చాలా రాశారు. కేసును తేల్చేది అది కాదు. సరిహద్దు దాటే రోజున మీ అబ్బాయి దగ్గర గడువులో ఉన్న రెసిడెన్స్ కార్డు ఉందా, లేదా? లేదు. మిగతాదంతా దాని తర్వాతే.

షెంగెన్ అంటే తమ మధ్య సరిహద్దుల్లో మామూలుగా తనిఖీలు ఉండకూడదని ఒప్పందం చేసుకున్న యూరప్ దేశాల కూటమి. ఒక షెంగెన్ దేశం ఇచ్చిన రెసిడెన్స్ పర్మిట్ ఉన్నవాళ్లు మిగతా షెంగెన్ దేశాల్లో వీసా లేకుండా ఏ 180 రోజుల్లోనైనా 90 రోజుల వరకు తిరగొచ్చు. షెంగెన్ ఒప్పందం అమలు కన్వెన్షన్ 21వ అధికరణం ఇచ్చిన హక్కు ఇది. అయితే పర్మిట్ చెల్లుబాటులో ఉండాలి, పాస్‌పోర్టు కూడా వెంట ఉండాలి. ఆ హక్కు ప్రయాణానికే, ఉద్యోగానికి కాదు. స్టాంపు సంగతి వేరు. దరఖాస్తు సకాలంలో, లోపాలు లేకుండా అందిందని, తుది నిర్ణయం వచ్చేదాకా పోలండ్‌లో ఉండటం చట్టబద్ధమేనని మాత్రమే దానర్థం. పోలండ్ గీత దాటితే అది పనికిరాదు. పోలండ్ విదేశీయుల కార్యాలయమే ఈ మాట స్పష్టంగా చెబుతోంది. చదువుకున్న కుర్రాడు టికెట్ కొనే ముందు అది చూసుకోకుండా ఏజెంటు మాట పట్టుకుని బయల్దేరడం అజాగ్రత్తే. పోలండ్ సరిహద్దులో జర్మనీ 2023 అక్టోబరు నుంచీ తనిఖీలు చేస్తోంది, అదేమీ రహస్యం కాదు.

ఇక ఆ కాగితం. అంత ముఖ్యమైనదాన్ని "ఏదో కాగితం" అని వదిలేశారు, ఫొటో కూడా పంపలేదు. గీత దగ్గరే ప్రవేశం నిరాకరించి పంపేస్తే త్సురుక్‌వైజుంగ్ అంటారు. జర్మనీలోకి వచ్చేశాక పట్టుకుని పంపేస్తే త్సురుక్‌షీబుంగ్. మొదటిదానితో మళ్లీ రావద్దనే నిషేధం దానంతటదే రాదు. రెండోదైతే నిషేధం భయం ఉంది, ఆ వివరం షెంగెన్ దేశాలన్నీ చూసే ఉమ్మడి కంప్యూటర్ రికార్డులకెక్కితే పోలండ్‌లో పెండింగ్‌లో ఉన్న దరఖాస్తుకే ముప్పు. కాబట్టి ముందు ఆ కాగితం ఏమిటో తేల్చుకోండి. అభ్యంతరం ఎక్కడ, ఎన్ని రోజుల్లో చెప్పాలో దాని చివర్లో ఉంటుంది. సాధారణంగా కాగితం అందిన రోజు నుంచి ఒక నెల. ఆ సూచనే లేకపోతే ఏడాది. జర్మన్ లాయరుకు ఈ వారమే చూపించండి. చెల్లే కార్డు లేదు కాబట్టి మొదటి రకమైతే అప్పీలుకు డబ్బు పోయడం నాకు దండగనిపిస్తుంది. రెండోదైతే తప్పకుండా పోరాడాలి.

రైలు సలహా ఇచ్చినవాళ్ల మాట వినొద్దని అబ్బాయికి ఇవాళే ఫోన్ చేసి చెప్పండి. పాత కార్డు చూపించి, స్టాంపు పేజీ తిప్పేసి గట్టెక్కొచ్చనే ఆలోచన అసలే వద్దు. సరైన పత్రాలు లేకుండా ప్రవేశించడం జర్మనీ నివాస చట్టం 95వ సెక్షన్ కింద నేరం. ఏడాది దాకా జైలు, లేదా జరిమానా. ఒకసారి వెనక్కి పంపాక మళ్లీ దొరికితే "తెలియక వచ్చాను" అనే మాట ఎవరూ నమ్మరు.

పెళ్లికి రావొచ్చు, ఎవరూ ఆపరు. కానీ ఫ్రాంక్‌ఫర్ట్‌లోనో పారిస్‌లోనో విమానం మారే టికెట్ కొనొద్దు. వార్సా నుంచి నేరుగా దుబాయ్‌కో దోహాకో వచ్చి, అక్కణ్నుంచి హైదరాబాద్ రావాలి. తిరిగి వెళ్లడానికి మాత్రం స్టాంపు చాలదు, పోలండ్ వీసా కొత్తగా తీసుకోవాలి. అది సమయానికి వస్తుందన్న భరోసా లేదు. ఈలోగా కార్డు దరఖాస్తు చూస్తున్న పోలండ్ కార్యాలయం పత్రాలు అడిగితే ఇచ్చిన గడువులోపే పంపాలి. దరఖాస్తు తిరస్కరిస్తే అప్పీలుకు ఉత్తర్వు అందినప్పటి నుంచి 14 రోజులే. కార్డు చేతికొచ్చేదాకా కదలకపోవడమే మంచిదని నా అభిప్రాయం. చెల్లెలికి కష్టంగా ఉంటుందని తెలిసే చెబుతున్నాను.

కన్సల్టెన్సీ మీద కేసు వేయొచ్చు. వినియోగదారుల రక్షణ చట్టం 2019 ప్రకారం మీరు ఉండే ఖమ్మంలోనే జిల్లా కమిషన్‌లో వేయొచ్చు, గడువు రెండేళ్లు. డబ్బు కట్టిన రుజువు, తిరగొచ్చని వాళ్లు చెప్పిన రుజువు, రెండూ కావాలి. ఫోన్‌లో నోటిమాటగా చెప్పి ఉంటే కేసు బలహీనం. వాట్సాప్‌లో ఉంటే బలం. స్క్రీన్‌షాట్లు ఒక్కటే చాలవు, ఎలక్ట్రానిక్ సాక్ష్యాన్ని ధ్రువీకరించే భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ సర్టిఫికెట్ జతచేయాలి. ముందుగా లీగల్ నోటీసు ఇవ్వండి. బస్సు టికెట్, స్టాంపు పేజీ, పాత కార్డు రెండు వైపులా, జర్మన్ కాగితం, బ్యాంకు స్టేట్‌మెంటు ఒక ఫైల్లో పెట్టండి. ఆ చాట్ ఉన్న ఫోన్‌ను కేసు తేలేదాకా రీసెట్ చేయకండి, ఎక్స్చేంజ్‌లో ఇచ్చేయకండి.