సరఫరాకు భద్రతా, ఎడతెగకపోవడమా?

సందేహం: హనుమకొండలో గ్రూప్స్ పరీక్షలకు తెలుగు మాధ్యమంలో పాఠాలు చెబుతున్నాను. ఐరోపా సమాఖ్య ఇంధన వ్యవహారాల మీద నోట్సు రాస్తూ రెండు మాటల దగ్గర ఆగిపోయాను. 'ఎక్స్‌టర్నల్ ఎనర్జీ పాలసీ'ని మా పాత నోట్సులో 'బాహ్య ఇంధన విధానం' అన్నారు. 'సెక్యూరిటీ ఆఫ్ సప్లై'ని 'సరఫరా భద్రత' అన్నారు. "సరఫరా భద్రత అంటే పైపులైన్ల దగ్గర కాపలా పెట్టడమా మేడమ్?" అని ఒక అబ్బాయి అడిగాడు. కాదన్నాను గాని, మరేమిటో ఒక్క ముక్కలో చెప్పలేకపోయాను. ఏ మాటలు వాడమంటారు? గ్యాస్ అనాలా, సహజవాయువు అనాలా?

సమాధానం: అమ్మా, ఆ అబ్బాయిని నా తరఫున మెచ్చుకోండి. మాట విని బొమ్మ కట్టుకున్నాడు, బొమ్మ తప్పుగా వచ్చింది, అడిగాడు. తప్పు అతనిది కాదు. ఇంగ్లీషులో సెక్యూరిటీ కనబడగానే తెలుగులో భద్రత అని రాసి పక్క లైనుకు వెళ్ళిపోయే అలవాటుది. ఆహార భద్రత, ఉద్యోగ భద్రత, సామాజిక భద్రత, భద్రతా మండలి, బ్యాంకు గుమ్మం దగ్గర భద్రతా సిబ్బంది. ఒక్క మాట నెత్తిన ఇన్ని బరువులు పెడితే అది ఏ బరువునూ సరిగ్గా మోయలేదు.

సంస్కృతంలో భద్రమంటే శుభం. మనం దాన్ని తెచ్చుకుని మన ఇంటి పనికి వాడుకున్నాం. బస్సెక్కే కొడుకుతో తల్లి "డబ్బులు భద్రం" అంటుంది. కాగితాలు భద్రంగా దాచమంటాం. అంటే భద్రం చేతిలో ఉన్నదానికి, దాచిపెట్టినదానికి చెప్పే మాట. ఒక చిన్న పరీక్ష పెట్టి చూడండి. కుళాయి దగ్గర నిలబడ్డ మనిషిని "నీళ్ళు భద్రంగా వస్తున్నాయా?" అని ఎవరైనా అడుగుతారా? "ఆగకుండా వస్తున్నాయా?" అంటారు. నిల్వ ఉన్నది భద్రంగా ఉంటుంది. పారేది ఆగకుండా పారాలి. సరఫరా పారేదే.

అందుకే మీ రెండో మాటకు నేను పుస్తకాల గదిలోకి వెళ్ళను. చిన్నప్పుడు బడిలో మనందరం వల్లెవేసిన సుమతీ శతకం దగ్గరికి వెళతాను. ఏ ఊళ్ళో కాపురం ఉండాలో చెబుతూ ఆ కవి "అప్పిచ్చువాడు, వైద్యుడు, నెప్పుడు నెడతెగక బారు నేరును, ద్విజుడున్" అన్నాడు. ఆ మూడోది చూడండి. ఏరు అని ఊరుకోలేదు. ఎప్పుడూ పారే ఏరు అనీ ఊరుకోలేదు. ఎప్పుడూ, ఎడతెగక పారే ఏరు అన్నాడు. రెండు మాటలూ ఒకటేగా, 'ప్ప' ప్రాస కోసం 'ఎప్పుడు' వేసుకున్నాడు అనేవాళ్ళున్నారు. నేను ఒప్పుకోను. ఎప్పుడూ అన్నది కాలానికి. వానాకాలం ఉరికి వేసవిలో ఎండిపోయే వాగు పనికిరాదని. ఎడతెగక అన్నది దారికి. పైన నీళ్ళుండి, కింద మన ఊరుండి, నడుమ ఎక్కడో తెగిపోతే లాభం లేదని.

ఎందుకంటే ఎడ అంటే నడుమ. చోటు, సమయం, దూరం అనే అర్థాలూ ఉన్నాయి గాని వాటి గుండెకాయ నడుమే. తమిళంలో ఇడై అంటే నడుమ, మనిషి నడుము కూడా. కన్నడంలో ఎడె అంటే చోటు. మనకు ఎడం, ఎడబాటు, ఎడనెడ అన్నీ ఇక్కడివే. ఎడమచెయ్యిలోని ఎడమ మాత్రం వేరు, దాన్ని ఇందులో కలపవద్దు. వాన విషయంలో 'ఎడతెరిపి లేకుండా' అంటామే, అందులోనూ ఇదే ఎడ: నడుమ తెరిపి ఇవ్వకుండా అని. దీన్ని పట్టుకెళ్ళి 'ఎడతెరిపి లేని చర్చలు' అని రాస్తున్నారు పేపర్లలో. తెరిపి ఇచ్చేది వానమ్మా, చర్చ కాదు. ఇక బిల్లు కట్టనివారికి వచ్చే నోటీసులో "చెల్లించని యెడల సరఫరా నిలిపివేయబడును" అని ఉంటుంది. ఆ 'యెడల' కూడా ఈ ఎడే.

తెగు సంగతి మీకు తెలియనిది కాదు. దారం తెగుతుంది, తీగ తెగుతుంది. బేరం కూడా తెగుతుంది, కాని అక్కడ తెగడమంటే కుదరడం. ఈ రెండు తెగడాలనూ పక్కపక్కన పెట్టి మీ పిల్లలకు 2009 జనవరి పాఠం చెప్పవచ్చు. రష్యా కంపెనీ గాజ్‌ప్రోమ్‌కూ ఉక్రెయిన్‌కూ పాత బాకీల మీద, కొత్త ధర మీద పేచీ. డిసెంబరు 31 దాటినా బేరం తెగలేదు. జనవరి 1న ఉక్రెయిన్‌కు గ్యాసు తెగింది. 7వ తేదీకల్లా ఉక్రెయిన్ మీదుగా పడమటికి వెళ్ళే గ్యాసంతా ఆగిపోయింది. మళ్ళీ 20న గాని రాలేదు. నడి చలికాలం. బల్గేరియాకు గ్యాసు వచ్చే దారి దాదాపు అదొక్కటే. స్లొవాకియా అత్యవసర పరిస్థితి ప్రకటించింది. అక్కడ సైబీరియా బావుల్లో గ్యాసుకు కొదవ లేదు. ఇక్కడ బల్గేరియా రాజధాని సోఫియాలో కొనేవాళ్ళకు కొదవ లేదు. తెగింది మొదట్లో కాదు, చివర్లో కాదు. ఎడలో తెగింది. ఇంతకంటే అచ్చమైన 'ఎడతెగడం' నేను ఎక్కడా చూడలేదు.

ఇంకో ముచ్చట చెప్పనివ్వండి. ఇంగ్లీషు ఇంటరప్ట్ లాటిన్ నుంచి వచ్చింది. ఇంటర్ అంటే నడుమ, రుంపెరె అంటే తెంచడం. మన ఎడ, మన తెగు. సంస్కృతం అంతరాయంలోనూ అంతర అంటే నడుమే: నడుమ వచ్చిపడేది. ఒకరి దగ్గర ఒకరు నేర్చుకోకుండానే మూడు భాషలూ ఒకే చోట వేలు పెట్టాయి. ఇంధన భద్రతను నిర్వచించేటప్పుడు అంతర్జాతీయ ఇంధన సంస్థ చెప్పేది కూడా భరించగలిగే ధరకు, నడుమ ఆగకుండా ఇంధనం దొరకడమనే. ఆ 'ఆగకుండా' కోసం మన కరెంటు శాఖలు నిరంతర, నిరాటంక అంటాయి. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు ఇచ్చినప్పుడు నిరంతర విద్యుత్ అనే రాశారు. నిరంతర అంటే అంతరం లేనిది, తప్పు లేదు. నా బాధల్లా అదే పని చేసే సొంత మాట ఇంట్లో ఉండగా, శతకంలో ఉండగా, అందరి నోటికీ వచ్చి ఉండగా మనకు అది గుర్తుకైనా రావడం లేదని.

ఆ 2009 తర్వాత ఐరోపా చేసిన పనులన్నీ ఈ ఎడ చుట్టూనే చెప్పుకోవచ్చు. ఆ ఏడాది డిసెంబరు 1న అమల్లోకి వచ్చిన లిస్బన్ ఒప్పందం 194వ అధికరణంలో సరఫరా సంగతి రాసుకున్నారు. 2010 నియమావళిలో సరిహద్దు గొట్టాలు రెండు వైపులా పారేలా ఉండాలన్నారు. ఏరు వెనక్కి పారదు గాని గ్యాసును పారించవచ్చు. తూర్పున తెగితే పడమటి నుంచి తెచ్చుకోవచ్చు. జర్మనీ ఇంకో దారి పట్టింది. అసలు ఎడే లేకుండా చేస్తే తెగేదేముంది అని, రష్యాలోని వీబోర్గ్ నుంచి జర్మనీ తీరానికి బాల్టిక్ సముద్రం అడుగున 1,224 కిలోమీటర్ల నార్డ్ స్ట్రీమ్ గొట్టం. 2011లో మొదటి వరుస మొదలైంది. నడుమ ఏ దేశమూ లేదు. 2022లో ఆ గొట్టంలో గ్యాసు తగ్గుతూ వచ్చి చివరికి మూలంలోనే ఆగిపోయింది. ఎడను తీసేసినంత మాత్రాన 'ఎప్పుడూ' రాదు. శతక కవి రెండు మాటలు ఎందుకు వేశాడో ఇక్కడ తెలుస్తుంది.

లిథువేనియా ఇంకోలా ఆలోచించింది. ఒక్క ఏటిని నమ్ముకోకుండా సముద్రం వైపు తలుపు తీసింది. ద్రవరూపంలో ఓడల మీద వచ్చే గ్యాసును మళ్ళీ గ్యాసుగా మార్చే తేలే టెర్మినల్‌ను 2014లో క్లైపేడా రేవుకు తెచ్చుకుంది. ఆ ఓడ పేరు ఇండిపెండెన్స్. ఆ దేశం ఆ మాటను ఓడ ఒంటి మీద పెద్ద అక్షరాలతో రాసుకుంది. పాఠం చెప్పేటప్పుడు ఆ ఫొటో చూపించండి. పరిభాష అక్కర్లేకుండానే పిల్లలకు అర్థమవుతుంది.

ఇప్పుడు భద్రతకు కూడా న్యాయం చేయాలి. ఐరోపాలో గ్యాసు నిల్వ చేసేది ఎక్కువగా భూమి కిందే: ఖాళీ అయిన పాత గ్యాసు బావుల్లో, ఉప్పు పొరల్లో తొలిచిన గుహల్లో. దీనికి 'భూగర్భ నిల్వ కేంద్రాలు' అని రాస్తున్నారు. మనకు పాతర అనే మాట ఉంది. మా అమ్మమ్మ ఇంటి ముందు ధాన్యం పాతర ఉండేది. లోపల చుట్టూ ఎండుగడ్డి పేర్చి, వడ్లు పోసి, పైన మట్టి మెత్తేవాళ్ళు. తీసిన రోజు మూత తొలగించి, లోపలి చెడుగాలి పోయేదాకా ఎవర్నీ దిగనిచ్చేవాళ్ళు కాదు. ఆ వెచ్చటి ముక్కవాసన నాకిప్పటికీ గుర్తు. ఐరోపా సమాఖ్య 2022లో పెట్టుకున్న నియమం ఏమిటంటే, చలికాలం ముందు, నవంబరు 1 నాటికి, గ్యాసు పాతరలు మొదటి ఏడు 80 శాతం, తర్వాత 90 శాతం నిండి ఉండాలి. ఆ తేదీ పట్టింపును 2025లో కాస్త సడలించారు. మన విశాఖపట్నంలోనూ భూమి కింద రాతిని తొలిచి 13.3 లక్షల టన్నుల ముడిచమురు పట్టే గుహలు కట్టారు. ఇవన్నీ దాచుకున్నవి. వీటికి భద్రం, భద్రత అనండి, హాయిగా సరిపోతుంది.

కాపలా అనుకున్న మీ అబ్బాయి కూడా పూర్తిగా తప్పు కాదు. 2022 సెప్టెంబరు 26న బాల్టిక్‌లోని బోర్న్‌హోల్మ్ దీవి దగ్గర సముద్రం అడుగున పేలుళ్ళు జరిగి, నార్డ్ స్ట్రీమ్ ఒకటీ రెండూ కలిపి ఉన్న నాలుగు గొట్టాల్లో మూడు పగిలాయి. 2025 జనవరి నుంచి నాటో ఓడలు బాల్టిక్‌లో గొట్టాలకు, కేబుళ్ళకు నిజంగానే కాపలా తిరుగుతున్నాయి. దాన్ని సరఫరా మార్గాల భద్రత అంటే ఎవరూ కాదనరు. కాబట్టి భద్రతను బహిష్కరించమని నేను చెప్పను. 'ఇంధన భద్రత' అనేది మొత్తం విషయానికి పేరుగా స్థిరపడిపోయింది, పరీక్షా పత్రాల్లోనూ అదే వస్తుంది, ఉంచండి. 'సెక్యూరిటీ ఆఫ్ సప్లై' వచ్చినచోట మాత్రం 'ఎడతెగని సరఫరా' అని నా సలహా. ఒక ఇబ్బంది ఉంది, దాచను. ఎడతెగని అంటే ఈ రోజుల్లో ఎంతకీ తెమలని అనే విసుగు కూడా తగులుతోంది: ఎడతెగని వాయిదాలు, ఎడతెగని ఉపన్యాసం. అందుకని విశేషణంగా ఇబ్బందనిపిస్తే 'సరఫరా ఎడతెగకుండా చూడటం' అని క్రియతో చెప్పండి. ఎడతెగమి అని నామవాచకం చేసుకోవచ్చు, లేమి లాగా. వ్యాకరణం ఒప్పుతుంది. నోళ్ళు ఒప్పుతాయో లేదో పదేళ్ళు పోతే గాని తెలియదు.

క్లాసులో నోటితో చెప్పేటప్పుడు ఇంకా తేలిక మాట ఉంది: ఢోకా. హిందీలో ధోఖా అంటే మోసం. మనం దాన్ని లోటు, ముప్పు అనే అర్థంలోకి మళ్ళించి, ఎక్కువగా 'లేదు'తోనే జత చేశాం. తిండికి ఢోకా లేదు, నీళ్ళకు ఢోకా లేదు. చలికాలంలో గ్యాసుకు ఢోకా లేకుండా చూసుకోవడం అనండి, ఆ అబ్బాయి మళ్ళీ అడగడు.

మొదటి మాట గురించి. బాహ్య అంటే ఒకే వస్తువుకు బయటి వైపు. బాహ్య వలయ రహదారి సరే. 'బాహ్య ఇంధన విధానం' అంటే విధానానికి పైపొట్టు అన్నట్టుంది. 'విదేశీ ఇంధన విధానం' ఇంకా చెడ్డది, విధానం ఎవరిదో తెలియదు. 'ఇంధన విదేశాంగ విధానం' నయం. అందులో సంప్రదింపుల భాగానికి ఇంధన దౌత్యం చాలు. 2005లో ఏథెన్సులో సంతకాలైన ఇంధన సముదాయ ఒప్పందం దీనికి మంచి ఉదాహరణ. ఐరోపా తన మార్కెట్ నియమాలను పొరుగు దేశాల చేత ఒప్పించుకుంది. 2011లో ఉక్రెయిన్ కూడా అందులో చేరింది. నడుమ ఉన్నవాణ్ణి తన పద్ధతిలోకి తెచ్చుకోవడమన్నమాట. ఆ మీదట కూడా రష్యా గ్యాసు ఉక్రెయిన్ మీదుగా పారుతూ, ఒప్పందం గడువు తీరిపోయి 2025 జనవరి 1న ఆగింది.

గాలిమరల కరెంటును ఇంధనం అనవచ్చా అని కొందరు అడుగుతారు. ఇంధ్ ధాతువుకు మండడమని అర్థం, సమిధ కూడా దాని బిడ్డే. గాలి మండదు గనక శక్తి అనడం మేలు గాని, శాఖ పేరే ఇంధన శాఖ కాబట్టి పట్టుబట్టను.

గ్యాస్, సహజవాయువు రెండూ రాయండి. మొదటిసారి సహజవాయువు, తర్వాతంతా గ్యాసు.