రాత్రిళ్లు చేతివేళ్లకు తిమ్మిర్లు.. పక్షవాతం వస్తుందా?

ప్రశ్న: డాక్టరు గారూ, మాది ఒడిశా గజపతి జిల్లాలో పర్లాకిమిడి దగ్గర పల్లె. నాకు 44 ఏళ్లు. పదేళ్లుగా జీడిపప్పు తొక్క తీసే పనికి వెళ్తున్నాను. నాలుగు నెలలుగా అర్ధరాత్రి కుడిచేతి తిమ్మిర్లతో మెలకువ వచ్చేస్తోంది. బొటనవేలు, చూపుడు వేలు, మధ్యవేలు మొద్దుబారి మంటలు పుడతాయి. లేచి చెయ్యి విదిలిస్తే కాసేపటికి తగ్గుతుంది. చిటికెన వేలు మాత్రం బాగానే ఉంటుంది. చేతికి రక్తం ఆడటం లేదని మందుల షాపులో బలం బిళ్లలు, నొప్పి బిళ్లలు ఇస్తున్నారు. మా అమ్మ పక్షవాతంతో మంచం పట్టి పోయింది. నాకూ అదే వస్తుందేమోనని టెన్షన్‌గా ఉంది.
- ఓ పాఠకురాలు

జవాబు: అమ్మా, చేతిని చూడకుండా ఖాయంగా చెప్పకూడదు గానీ, మీరు రాసింది పక్షవాతం లక్షణంలా లేదు. ‘చిటికెన వేలు బాగానే ఉంటుంది’ అన్నారే, ఆ ఒక్క మాట నాకు చాలా విషయం చెప్పింది.

మణికట్టు దగ్గర ఎముకలకీ, పైనున్న గట్టి పట్టీకీ మధ్య ఒక ఇరుకు దారి ఉంటుంది. వేళ్లను ముడిచే తొమ్మిది స్నాయువులు, వాటితో పాటు మీడియన్ నరం అందులోంచే వెళ్తాయి. బొటనవేలు, చూపుడు వేలు, మధ్యవేలు, ఉంగరపు వేలిలో సగం స్పర్శ ఆ నరానిదే. చిటికెన వేలి నరం వేరే దారిన పోతుంది. ఇరుకు దారిలో వాపు వస్తే నలిగేది మీడియన్ నరమే. దీన్నే కార్పల్ టన్నెల్ సిండ్రోమ్ అంటాం. నిద్రలో తెలియకుండానే మణికట్టు వంచి పడుకుంటాం కాబట్టి రాత్రిళ్లే ఎక్కువ బాధిస్తుంది.

తెలుగులో రక్తనాళాన్నీ నరమే అంటాం, స్పర్శ మోసే నాడినీ నరమే అంటాం. ‘రక్తం ఆడటం లేదు’ అనే మాట అందుకే అంత తేలిగ్గా వస్తుంది. మీ ఇబ్బంది రక్తంలో కాదు, నాడి మీది ఒత్తిడిలో ఉంది.

ఇంట్లో ఒకటి చేసి చూడండి. రెండు అరచేతుల వెనక వైపులు ఒకదానికొకటి ఆనించి, వేళ్లు కిందికి ఉండేలా మణికట్లు వంచి ఒక నిమిషం ఉంచండి. అవే వేళ్లలో తిమ్మిరి మొదలైతే అనుమానం బలపడినట్టే. మెడనొప్పి భుజం మీదుగా చేతిలోకి దిగుతుంటే మాత్రం మెడ కూడా చూపించాలి.

నొప్పి బిళ్లలు ఇక ఆపేయండి. ఈ జబ్బులో వాటి వల్ల పెద్ద మేలు లేదు. పక్కనే ఉద్దానం ఉంది, కిడ్నీ జబ్బు అంటే ఏమిటో మన ప్రాంతం వాళ్లకు నేను చెప్పక్కర్లేదు. అక్కడి జబ్బుకు ఈ బిళ్లలే కారణమని నేననడం లేదు. కానీ నెలల తరబడి మింగితే ఇవి కిడ్నీలను దెబ్బతీస్తాయి. బలం బిళ్లలూ అంతే, బి12 లోపం ఉంటేనే పనికొస్తాయి. అదే పనిగా బి6 ఎక్కువ మోతాదులో వాడితే దానివల్లే నరాలు దెబ్బతింటాయి.

మందుల షాపులో రిస్ట్ స్ప్లింట్ దొరుకుతుంది. మణికట్టు తిన్నగా ఉండేలా దాన్ని రోజూ రాత్రి కట్టుకుని ఆరు వారాలు పడుకోండి. బిగించి కట్టొద్దు. పనిలో కత్తి పిడి సన్నగా ఉంటే గుడ్డ చుట్టి లావు చేసుకోండి. సన్న పిడిని గట్టిగా నొక్కి పట్టడమే చేతికి పెద్ద శ్రమ. అరగంటకోసారి కత్తి పక్కన పెట్టి వేళ్లు చాపండి. షుగర్, థైరాయిడ్ పరీక్షలు చేయించండి, ఈ రెండూ ఉన్నవాళ్లలో ఈ బాధ ఎక్కువ.

ఇంకో విషయం ఉంది. ఒంటి మీద రంగు తగ్గిన, స్పర్శ తెలియని మచ్చ ఉన్నా, జీడి రసం అంటుకుని చర్మం కాలినప్పుడు నొప్పి తెలియకపోయినా వెంటనే ప్రభుత్వాసుపత్రికి వెళ్లండి. కుష్టు కూడా నరాల జబ్బే, మందు ఉచితం. రకాన్ని బట్టి ఆరు నెలలో, ఏడాదో వాడితే నయమవుతుంది. దాచుకోవాల్సిన జబ్బు కాదు.

ఇక పక్షవాతం. అది అకస్మాత్తుగా వస్తుంది. మూతి వంకరపోవడం, మాట తడబడటం, ఒకవైపు చెయ్యీ కాలూ పడిపోవడం కనిపిస్తే ఆ క్షణమే 108కి ఫోన్ చేయాలి. రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల లోపే ఇవ్వాలి. బీపీ ఎప్పుడూ చూపించుకోకపోతే ఈ వారమే చూపించుకోండి.

ఆరు వారాలకీ తగ్గకపోతే పర్లాకిమిడి జిల్లా ఆసుపత్రిలో చూపించుకుని, వాళ్లు పంపితే బరంపురం ఎం.కె.సి.జి. మెడికల్ కాలేజీకి వెళ్లండి. నర్వ్ కండక్షన్ టెస్ట్‌లో నరం ఎంత నలిగిందో తెలుస్తుంది. మణికట్టులో స్టెరాయిడ్ ఇంజెక్షన్‌తో చాలామందికి ఉపశమనం ఉంటుంది. ఆపరేషన్ కావాల్సి వచ్చినా చేతికి మాత్రమే మత్తిచ్చి చేస్తారు, సాధారణంగా అదే రోజు ఇంటికి పంపుతారు.

ఈ రాత్రి దీపం కింద రెండు అరచేతులూ పక్కపక్కన పెట్టి చూసుకోండి. బొటనవేలి కింద ఉబ్బెత్తుగా ఉండే కండ కుడివైపు చప్పబడినట్టున్నా, గుండీ పెట్టుకుంటుంటే వేళ్లు జారుతున్నా ఆరు వారాలు ఆగొద్దు, రేపే బయలుదేరండి.