గ్రాంటు కాగితం మీద సంతకం పెట్టేముందు

చిరంజీవి సుధకు, పర్లాకిమిడి నుంచి పెదనాన్న ఆశీస్సులు.

సైన్సుకు డబ్బు ఎక్కడినుంచి వస్తుందో, ఎలా ఖర్చవుతుందో రాయడానికి గ్రాంటుకు దరఖాస్తు పెడుతున్నావని మీ అమ్మ చెప్పింది. మన ఇంటి పిల్ల ఇంత పని తలకెత్తుకుందని గర్వంగానే ఉంది, గుండెలో గుబులూ ఉంది.

పాత కథనాలు, వేస్తామని ఎడిటర్ ఇచ్చే ఉత్తరం, ఖర్చుల లెక్క ఎలాగూ జతచేస్తావు. ఒడియా నుంచి తర్జుమాకయ్యే డబ్బు మర్చిపోకు.

విషయం బాగా కుదించు. 'దేశంలో పరిశోధన నిధులు' అంటే ఎవరూ డబ్బివ్వరు. పరిశోధక విద్యార్థులకిచ్చే నెలవారీ ఫెలోషిప్పు, జేఆర్ఎఫ్, 2023లో 31,000 నుంచి 37,000 రూపాయలైంది. అది పిల్లల చేతికి నెలనెలా అందుతోందా? బరంపురంలోని కేంద్ర సైన్సు విద్యాసంస్థ ఐసర్ నీకు దగ్గరే, అక్కడ మొదలుపెట్టు. ప్రాజెక్టుల్లో, ఇచ్చిన డబ్బు ఖర్చయిందని చూపే వినియోగ ధ్రువపత్రం ఢిల్లీకి వెళ్లకపోతే తర్వాతి విడత ఆగిపోతుంది. ఆలస్యం ల్యాబుదో ఢిల్లీదో ఆ పత్రం మీది తేదీని, విడుదల ఉత్తర్వు తేదీని పక్కపక్కన పెడితే తెలిసిపోతుంది.

ఆ తేదీల కోసం ఆర్టీఐ (సమాచార హక్కు) దరఖాస్తు ఇప్పుడే పెట్టు. పది రూపాయల పోస్టల్ ఆర్డరు చాలు. తెలుగులో వద్దు, బరంపురం ఉన్న గంజాం జిల్లాలో అది అధికార భాష కాదు. జవాబుకు 30 రోజులు, మొదటి అప్పీలు సాగితే ఇంకో 45. గ్రాంటు వచ్చాక మొదలెడితే గడువంతా ఎదురుచూపులకే పోతుంది.

అసలు భయం వేరే. విదేశీ విరాళాల చట్టం, ఎఫ్‌సీఆర్‌ఏ 2010, సెక్షన్ 3 చదివావా? రిజిస్టరైన పత్రికల విలేకరులు, కాలమిస్టులు, ఎడిటర్లు విదేశీ విరాళం పుచ్చుకోకూడదు. ఎన్నికల అభ్యర్థుల పక్కనే మనల్నీ కూర్చోబెట్టారు! 'ఇచ్చేది ఢిల్లీ ట్రస్టు, అదీ రూపాయల్లో' అనుకోవడం మన వృత్తిలో పాత తప్పు. డబ్బు ఎన్ని చేతులు మారినా మొదట ఇచ్చింది విదేశీయులైతే చట్టం దృష్టిలో అది విదేశీ విరాళమే. పైగా 2020 సవరణ తర్వాత ట్రస్టు దాన్ని ఇంకొకరికి మళ్లించనేకూడదు. శిక్ష ఐదేళ్ల జైలు దాకా ఉంది. నీ రాత గిట్టనివాళ్లు కథనంలో తప్పు వెతకనక్కర్లేదు, నీ పాస్‌బుక్కు చాలు.

చేసిన పనికి ఇచ్చే వేతనానికి సెక్షన్ 4లో మినహాయింపు ఉంది. అలాగని గ్రాంటుకే 'పారితోషికం' అని పేరు మార్చి ఇస్తామంటే ఒప్పుకోకు. ఏ నిధిలోంచి ఇస్తున్నారో ట్రస్టు చేత రాయించుకో, చార్టర్డ్ అకౌంటెంటుకు చూపించు. అడిగితే ఏమనుకుంటారో అని మొహమాటపడతావు, నీ సంగతి నాకు తెలుసు. ఇక్కడ మాత్రం వద్దమ్మా. అచ్చుకు ముందే కథనం తమకు చూపించాలన్న షరతుంటే ఆ గ్రాంటే వదిలెయ్.

ఒప్పందం రాగానే, సంతకం పెట్టకముందే నాకు వాట్సాప్ చెయ్యి.

పెదనాన్న