32 డిగ్రీలే కదా అనుకోవద్దు: సింగపూర్ ఉక్కపోతలో బీపీ, షుగర్ ఉన్నవారు జాగ్రత్త

ప్రశ్న: మాది నిజామాబాద్. నాన్నకు 66 ఏళ్లు. బీపీకి టెల్మిసార్టాన్, హైడ్రోక్లోరోథయజైడ్ కలిసిన మాత్ర, షుగర్‌కు మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్ వాడుతున్నారు. మే నెలాఖరులో అమ్మానాన్నలతో ఐదు రోజులు సింగపూర్ వెళ్తున్నాం. ‘44 డిగ్రీల ఎండలో తిరిగినవాణ్ని, అక్కడి 32 నన్నేం చేస్తుంది’ అంటున్నారు నాన్న. కానీ పోయినేడు వైజాగ్ బీచ్‌లో కాసేపు నడిచేసరికే కళ్లు తిరిగి కూర్చుండిపోయారు. నాకు టెన్షన్‌గా ఉంది. ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?
– ఒక పాఠకురాలు

జవాబు: మీరు భయపడటంలో అర్థం ఉంది. నిజామాబాద్‌ది పొడి ఎండ. అక్కడ చెమట పట్టీ పట్టగానే ఆరిపోతుంది. ఆరేటప్పుడే ఒంట్లోని వేడిని తీసుకుపోతుంది. భూమధ్యరేఖ పక్కనే, సముద్రం మధ్యన ఉన్న సింగపూర్‌లో గాలిలో తేమ తరచూ 80 శాతం దాటుతుంది. చెమట ధారగా కారుతుంది కానీ ఆరదు. నీరు, ఉప్పు పోతాయి, వేడి మాత్రం ఒంట్లోనే ఉండిపోతుంది. రాత్రిళ్లు కూడా పెద్దగా చల్లబడదు. ఇలాంటి ఉక్కకు ఒళ్లు అలవాటు పడాలంటే వారం, రెండు వారాలు పడుతుంది. ఆలోపే మీ టూర్ అయిపోతుంది.

నాన్నగారి విషయంలో నేను ముందు చూసేది మాత్రలనే. హైడ్రోక్లోరోథయజైడ్ మూత్రం ద్వారా నీటిని, ఉప్పును బయటికి పంపుతుంది. దానికి చెమట తోడైతే లేచి నిలబడగానే బీపీ పడిపోవచ్చు. ఆ రోజు వైజాగ్‌లో జరిగింది ఇదే కావచ్చు. అలాగని సొంతంగా మాత్ర ఆపొద్దు. ప్రయాణానికి రెండు వారాల ముందే మీ డాక్టర్‌కు చూపించండి. కూర్చున్నప్పుడు, నిలబడినప్పుడు బీపీ చూసి, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్, ఒంట్లోని లవణాలైన సోడియం, పొటాషియం పరీక్షలు చేయించి, డోసు మార్చాలో లేదో ఆయన చెబుతారు. వేడికి పాదాలు కాస్త వాచినా నీరు పట్టిందని మూత్రం మాత్ర అదనంగా వేయొద్దు.

గ్లిమెపిరైడ్‌తో ఇంకో చిక్కు ఉంది. ఎక్కువ నడిచి, భోజనం ఆలస్యమైతే షుగర్ పడిపోతుంది. అప్పుడూ చెమటలు, వణుకు, నీరసమే. అందరూ ‘ఎండ దెబ్బ’ అనుకుని నీళ్లిచ్చి ఊరుకుంటారు. గ్లూకోమీటర్ హోటల్ గదిలో కాదు, భుజాన ఉన్న బ్యాగులో ఉండాలి. 70 కంటే తక్కువ ఉంటే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించి, 15 నిమిషాలకు మళ్లీ చూడండి.

ఇక తిరగడం. మెర్‌లయన్ విగ్రహం, మరీనా బే దగ్గర నడక సాయంత్రం పెట్టుకోండి. లిటిల్ ఇండియా వీధులు, సెరంగూన్ రోడ్డులోని శ్రీనివాస పెరుమాళ్ గుడి పొద్దున్నే చూసేయండి. ఎండ ముదిరిన వేళ గార్డెన్స్ బై ద బేలోని ఫ్లవర్ డోమ్, క్లౌడ్ ఫారెస్ట్ మంచివి, రెండూ లోపల చల్లగా ఉంటాయి. మధ్యాహ్నం వాన పడినా ఉక్క తగ్గుతుందని నమ్ముకోకండి. కొళాయి నీళ్లు నేరుగా తాగొచ్చు కాబట్టి సీసా నింపుకుంటూ ఉండండి. దాహం కోసం ఆగకుండా మధ్యమధ్యలో తాగాలి, ఒకేసారి లీటర్లు కాదు. మూత్రం ముదురు పసుపులో వస్తుంటే నీళ్లు చాలడం లేదని అర్థం. బాగా చెమట పట్టిన రోజు ఓఆర్‌ఎస్ కొద్దికొద్దిగా ఇవ్వొచ్చు, కానీ బీపీ, షుగర్ ఉన్నాయి కాబట్టి రోజంతా అదే తాగించొద్దు. తియ్యటి ప్యాకెట్ జ్యూసులు ఓఆర్‌ఎస్‌కు బదులు కావు.

రాత్రి బూట్లు విప్పాక పాదాలు మీరే చూడండి. షుగర్ ఉన్నవారికి బొబ్బ లేచినా నొప్పి తెలియకపోవచ్చు. వేళ్ల సందులు తడి లేకుండా తుడవండి. రోజుకు రెండు జతల కాటన్ మేజోళ్లు దగ్గర ఉంచుకుని, ఒకటి తడిస్తే రెండోది మార్చండి.

తలనొప్పి, వికారం, కాళ్ల పిక్కలు పట్టేయడం మొదలైతే ఆ రోజు తిరగడం ఆపేసి ఏసీలో కూర్చోబెట్టండి. మాట తడబడినా, తికమకగా మాట్లాడినా, స్పృహ తప్పినా అది వడదెబ్బ కావచ్చు. చెమట పడుతోంది కదా అని ధైర్యం తెచ్చుకోవద్దు. వెంటనే 995కు ఫోన్ చేయండి. అంబులెన్స్ వచ్చేలోపు ఒంటి మీద నీళ్లు పోస్తూ గట్టిగా విసరండి, షుగర్ కూడా చూడండి. స్పృహ సరిగా లేనప్పుడు నోట్లో ఏమీ పోయకూడదు. పారాసెటమాల్ ఈ వేడిని తగ్గించదు.

మందులన్నీ ప్రిస్క్రిప్షన్‌తో సహా చేతి సంచిలోనే పెట్టుకోండి. నిద్రమాత్రలు, కోడీన్ ఉన్న దగ్గు మందులు ఏవైనా ఉంటే ముందే అక్కడి అనుమతి కావాలేమో చూసుకోండి. ఇన్సూరెన్స్ ఫారంలో బీపీ, షుగర్ ఉన్నాయని తప్పకుండా రాయండి.