జాంజిబార్ వెళ్తున్న మా చిట్టికి

చిట్టీ,

దార్ ఎస్ సలామ్‌లో ఆఫీసు పని అయ్యాక ఒక్కదానివే జాంజిబార్ దీవికి వెళ్లి, ఒక రోజంతా తిరిగి బొమ్మలూ బట్టలూ కొనుక్కొస్తానన్నావట. మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. ముచ్చటేసింది. రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు.

పొద్దున్నే ఫెర్రీ ఎక్కు, దాదాపు రెండు గంటలు. విదేశీయులకు 2024 అక్టోబరు నుంచి అక్కడి బీమా తప్పనిసరి, 44 డాలర్లు. ముందే ఆన్‌లైన్‌లో కట్టెయ్. డాలర్లు మార్చుకునేటప్పుడు చిరిగిన, పాత నోట్లు తీసుకోరు. గుడ్డసంచి పెట్టుకో, ప్లాస్టిక్ సంచులు నిషేధం. భుజాలూ మోకాళ్లూ కప్పే బట్టలు వేసుకో. రేవు దగ్గర వెంటపడేవాళ్లను అక్కడ ‘పపాసి’ అంటారు, అంటే పిడుదులు. ‘హపానా, అసాంటే’ (వద్దు, థాంక్స్) అని నడిచిపో. నువ్వు మొహమాటపడి ఆగుతావు, నాకు తెలుసు. ఆగకు.

బరువు మోసుకుంటూ ఊరు చూడలేవు కాబట్టి ముందు చూడు, తర్వాత కొను. మ్కునజిని పేటలో చర్చి ఉన్న చోటే బానిసల సంత ఉండేది, 1873లో మూయించారు. నేలమాళిగ గదుల్లోకి వంగి దిగాలి, తల జాగ్రత్త. చెక్కుడు తలుపులు సందుసందుకీ కనిపిస్తాయి: పైన కమాను, ఇత్తడి బొడిపెలు ఉంటే మన భారతీయుల పోకడ. 1883లో కట్టిన సుల్తాను భవనం ‘హౌస్ ఆఫ్ వండర్స్’ 2020లో కొంత కూలింది, బయటి నుంచి చూస్తే చాలు.

ఇక అసలు సంగతి. నల్లచెక్క బొమ్మ. మా షోకేసులో బొమ్మ వీపు మీద చీలిక చూశావుగా, అది నా తొందరపాటు ఫలం. నువ్వు ఆ పని చేయకు.

మకోండే తెగవాళ్ల బొమ్మలు చెక్కేది ‘ఎంపింగో’ చెక్కతో. చేవ నల్లగా, చుట్టూ చేవ పట్టని లేత చెక్క పసుపుగా ఉంటుంది. బొమ్మలో ఎక్కడో ఆ పసుపు అంచు కనిపిస్తే సంతోషించు. అంతా ఒకే నలుపుగా తళతళలాడితే అనుమానించు, తేలిక చెక్కకు బూట్ పాలిష్ పూసి అమ్ముతారు. తడి టిష్యూతో రుద్ది చూడు, నలుపు అంటితే పెట్టెయ్. చేతిలో బరువు తెలియాలి, ఎంపింగో నీళ్లలో మునిగే చెక్క.

అసలు చెక్క అయినంత మాత్రాన ఆరిందని కాదు. పైపొర ముందు ఆరి ముడుచుకుంటుంది, లోపల ఇంకా పచ్చిగా ఉంటుంది, అందుకే చీలుతుంది. సముద్రగాలి నుంచి తెచ్చి ఏసీ గదిలో పెడితే నెలలోనే. బొమ్మ తిరగేసి అడుగు చూడు. వలయాల నడిబొడ్డు అందులో ఉంటే, అక్కడి నుంచి నక్షత్రంలా గీతలు సాగితే వద్దు. ఫోన్ టార్చ్ వేసి గోటితో తడుము. గీతల్ని నల్ల మైనంతో పూడ్చి ఉంటే గోరు దిగుతుంది. మొద్దు మొద్దంతా మనుషుల్ని చెక్కిన ‘ఉజమా’ బొమ్మలు ముచ్చటగా ఉంటాయి కానీ నడిబొడ్డు లోపలే ఉండిపోతుంది. జానెడు బొమ్మ చాలు. ఇంటికొచ్చాక న్యూస్‌పేపర్లో చుట్టి, రెండు నెలలు బీరువాలో పెట్టు. నెమ్మదిగా ఆరనివ్వు.

బేరం మూడు కొట్లలో ధర అడిగాకే మొదలుపెట్టు. ‘పుంగుజా కిదోగో’ అంటే కొంచెం తగ్గించమని. చెప్పినదాంట్లో సగం దగ్గర మొదలుపెట్టు, అలాగని చెక్కేవాడి కడుపు కొట్టకు. రెండు మూడు ఒకేచోట తీసుకుంటే వాడే తగ్గిస్తాడు.

టింగాటింగా అనే అక్కడి శైలి పటాలు ఎనామిల్ పెయింటుతో వేస్తారు. వేలు ఆనిస్తే అంటుకుంటే అప్పుడే చుట్టించకు. ఆరినదాన్ని బటర్ పేపర్ వేసి, బొమ్మ వైపు బయటికి ఉండేలా చుట్టమను. చౌకగా ఇచ్చే కుంకుమపువ్వు ముట్టుకోకు. లవంగం గోటితో నొక్కు, నూనె ఊరాలి.

తాబేటి డిప్ప, పగడాలు, శంఖాలు, ఏనుగు దంతం... వద్దంటే వద్దు. ఎంత ముద్దొచ్చినా, అమ్మేవాడు ఏం చెప్పినా. ఎయిర్‌పోర్టులో పట్టుబడితే మన వన్యప్రాణి చట్టం ఎవరినీ వదలదు. నాకు ఈ భయమే ఎక్కువ.

కాంగా, అంటే అక్కడి ఆడవాళ్లు చుట్టుకునే నూలు బట్ట, జతగా వస్తుంది, కత్తిరించి అంచు కుట్టించుకోవాలి. మొదటిసారి విడిగా ఉతుకు. దాని మీద స్వాహిలీలో ఒక మాట అచ్చు వేసి ఉంటుంది, కొన్ని ఇరుగుపొరుగును దెప్పేవి. మీ అత్తగారికి కొనే ముందు అర్థం అడుగు. నాకు తెచ్చేదానికి అడగక్కర్లేదు, ఏది రాసున్నా కట్టుకుంటా.

రాత్రి సముద్రం ఒడ్డున ఫోరోధాని తోటలో బజ్జీలు వేసిన ‘ఉరోజో’ పులుసు తాగు, ఎనిమిదింటికల్లా గదికి చేరి మెసేజ్ పెట్టు.

నీ అత్త